ఉప్పు కేక

శాన్ ఆంటోనియో
9 ఫిబ్రవరి 1937

పెదనాన్నకి,

మీ దీవెన కోరుతూ అంపారో రాస్తున్నది. అమ్మ బాగానే ఉంది. మోకాళ్లు మాత్రం వాన కంటే ముందే వాన కబురు చెబుతున్నాయి. మీరు ఉత్తరం రాసి ఏడాది దాటింది. నేను రాసీ అంతే అయింది కాబట్టి మీ మీద అలిగే హక్కు నాకు లేదు.

నాకు కొత్త ఉద్యోగం దొరికింది. టైపు కొట్టే పనే, కానీ ఈసారి వింత పని. పాతకాలం కౌబాయ్‌లు గుర్రాల మీద నుంచి వేసిన కేకలన్నీ పోగుచేసి, ఒక్కో కేకకి అర్థమేమిటో, అది ఎక్కడ పుట్టిందో రాసి పుస్తకం వేస్తారట. ఒక్కో కేకకి ఒక్కో అట్టముక్క. మా పైఅధికారి మిస్టర్ ప్రెంటిస్. ఆయన జన్మలో గుర్రమెక్కింది ఒక్కసారే, అదీ ఫొటో కోసం. ఆయన ప్రకారం ఈ కేకలన్నీ టెనెస్సీ కొండల్లోంచి వచ్చిన తెల్లవాళ్లు పుట్టించినవే. "మరి మా మెక్సికన్ పశుకాపరులు, వకేరోల సంగతో?" అని అడిగాను. పశువుల పని ఈ నేల మీద మొదలుపెట్టిందే వాళ్లు కదా. "వాళ్లు గుర్రాలు పట్టుకునేవాళ్లు కదూ" అన్నాడు నవ్వుతూ. నేనూ నవ్వాను. ఉద్యోగంలో చేరి అప్పటికి నాలుగు రోజులే.

ఆ నవ్వు నా గొంతులో ఇంకా ముల్లులా ఉంది పెదనాన్నా. ఆయన బల్ల మీద మనవాళ్ల కేక ఒక్కటి, పేరుతో సహా, కొట్టిపారేయడానికి వీల్లేకుండా పెట్టాలి. సెప్టెంబరులోగా పెట్టాలి. అక్టోబరులో పుస్తకం అచ్చుకి వెళ్తుంది.

నాకు ఏడేళ్లప్పుడు మీరు నన్ను దొడ్డి కంచె మీద కూర్చోబెట్టి "కదిలావంటే చెవులు మెలేస్తా" అన్నారు. భుజాన ఉప్పు సంచీతో గుట్టెక్కి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పిలిచారు. కాసేపు ఏమీ లేదు. తర్వాత ముళ్ల తుప్పలు కదిలాయి. గుర్రం లేదు, తాడు లేదు, కుక్క లేదు. వందకి పైగా పశువులు వాటంతటవే నడిచి వచ్చి మీ చేతులు నాకాయి. ఆ కేక రాగం నాకు లీలగా గుర్తుంది, మాట గుర్తులేదు. ఆ మాటేమిటో, ఎవరు నేర్పారో, దాని అర్థమేమిటో రాయండి. పుస్తకంలో మీ పేరు ఉంటుంది. క్రిసాంతో సల్దీవార్ అని.

మీ
అంపారో

*

లాస్ ఎస్పీనాస్ రాంచ్
27 ఫిబ్రవరి 1937

అంపారోకి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. ఊళ్లో ఇంతమంది పనిలేక రోడ్లు కొలుస్తుంటే కేకలు పోగేయడానికి ఉద్యోగాలిస్తున్నారంటే, ఈ దేశం బాగుపడే దారిలోనే ఉందన్నమాట. నీకు జీతమొస్తోంది, అది చాలు. రాసుకో.

యిప్పీ అని నా అరవై ఎనిమిదేళ్లలో గుర్రం మీద ఎవడూ అనగా నేను వినలేదు. మంద వెనక నడిచేవాడి నోటికి గుడ్డ కట్టి ఉంటుంది. పళ్ల మధ్య ఇసుక ఉంటుంది. పొద్దున్నే తాగిన కాఫీ తప్ప కడుపులో ఏమీ ఉండదు. ఆ గుడ్డలోంచి బయటికొచ్చేది ఊ అనో, హా అనో, అంతే. మీ దొరగారు టెనెస్సీ కొండల్లో వెతకనక్కర్లేదు. ఈ కేకలు దుమ్ములో పుట్టాయని రాసుకోమను.

యీహా అనేది టిక్కెట్టు కొన్నవాళ్ల కోసం. సర్కస్ గుడారాల్లో పుట్టింది, అక్కడే ఉండనీ.

హో... ఓ... అని లోగొంతుకతో సాగదీసేది మంద పడుకున్నప్పుడు. పశువులు బెదరకుండా అంటారందరూ. నన్నడిగితే అది మనిషి తనకి తాను ధైర్యం చెప్పుకోవడానికి.

"దాలే వుయెల్తా" అంటే చుట్టు వెయ్యమని. తాడు విసిరి పశువు మెడకి ఉచ్చు పడగానే, చేతిలో కొసని జీను కొమ్ముకి చుట్టాలి. అప్పుడు పక్కవాడు వేసే కేక ఇది. తెల్లవాళ్లు దీన్నే నమిలి నమిలి "డాలీ" చేసుకున్నారు. ఒకసారి మీ నాన్న ఇసీద్రో ఈ కేక వేశాడు. నేను చుట్టేశాను. తాడుకీ కొమ్ముకీ మధ్య నా కుడి బొటనవేలు ఉందని ఇద్దరం చూసుకోలేదు. ఆ కేక ఎక్కడ పుట్టిందో నాకు తెలీదు కానీ, వేలు ఎక్కడ పడిందో చూపించగలను.

నువ్వడిగిన ఆ ఇంకో కేక మర్చిపోయాను. వయసు మీద పడింది.

మీ అమ్మని మోకాళ్లకి మేక కొవ్వు రాసుకోమను.

పెదనాన్న

*

శాన్ ఆంటోనియో
18 మార్చి 1937

పెదనాన్నకి,

మీ దీవెన కోరుతూ రాస్తున్నాను. మీ ఉత్తరం ఆఫీసులో చదివి వినిపిస్తే టైపు అమ్మాయిలంతా పడీ పడీ నవ్వారు. బొటనవేలి దగ్గర మిస్టర్ ప్రెంటిస్ కూడా నవ్వాడు. "మీ పెదనాన్న మంచి సరదా మనిషి" అన్నాడు. అట్టముక్క మీద మాత్రం "డాలీ: కౌబాయ్‌ల మాట" అని రాసుకుని ఊరుకున్నాడు. మీరూ లేరు, నాన్నా లేడు, వేలూ లేదు.

అందుకే నాకు ఆ ఉప్పు కేకే కావాలి. దాన్ని ఎవరూ నమల్లేదు, అది మన గుట్ట దాటి ఎక్కడికీ పోలేదు. మర్చిపోయానన్నారు. ఇరవై ఏళ్ల కిందట ఏ ఆవు ఏ తుప్పలో ఈనిందో చెప్పగలిగే మనిషి రోజూ వేసిన కేక మర్చిపోయాడంటే నేనెలా నమ్మను?

మీ మనసులో ఏముందో నేను ఊహించగలను. నాన్న తన వాటా నేల అమ్ముకుని మమ్మల్ని పట్నం తీసుకొచ్చాడు. ఆ రోజు మీరు గేటు దగ్గర "పశువులకున్న పాటి విశ్వాసం నీకు లేదురా" అన్నారు. బండి మీద నేనూ ఉన్నాను, విన్నాను. వాటా వదులుకున్న ఇంటి పిల్లకి కేక మాత్రం ఎందుకివ్వాలన్నదే మీ ఆలోచనైతే ఆ మాట నేరుగా అనండి. వయసు మీదకి నెట్టకండి.

వచ్చే నెలలో ఆఫీసువాళ్ల శబ్దం పట్టే యంత్రం తీసుకుని రమ్మంటారా?

మీ
అంపారో

*

లాస్ ఎస్పీనాస్
6 ఏప్రిల్ 1937

అంపారోకి,

దేవుడు చల్లగా చూడాలి. యంత్రం తేవద్దు. వాటాలూ విశ్వాసాలూ ఇప్పుడెందుకు తవ్వడం? మీ నాన్న మీద నాకు కోపం పోయి చాలాకాలమైంది.

ఇక్కడ వినడానికీ ఏమీ లేదు. మంద లేదు. ముప్పై నాలుగులో కరువప్పుడు సర్కారు మనుషులు కొన్నారు, ఇచ్చేశాను. మిగిలింది రొసీయా ఒక్కతే. ఎరుపూ తెలుపూ కలిసిన పొడల ఆవు. నీకు గుర్తుండదు. అది మంద ముందు నడిచేది, ఇప్పుడు ముందూ వెనకా అదే. నేనంటే గిట్టదు. ఎండువాగులో ఉంటుంది. సాయంత్రం అయిదింటికి తొట్టిలో నీళ్లు పోసి నేను ఇంట్లోకి వచ్చి తలుపేసుకుంటాను. అప్పుడొచ్చి తాగిపోతుంది. తలుపు సందులోంచి చూస్తుంటాను. అదీ మా ఇద్దరి కాపురం.

మిరపకాయలు పంపుతున్నాను. ఈ ఏడు కారం ఎక్కువగా ఉన్నాయి.

పెదనాన్న

*

శాన్ ఆంటోనియో
11 మే 1937

పెదనాన్నకి,

మిరపకాయలు అందాయి.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీరు మందని అమ్మేశారు. తాత చేతి మంద. నాన్న నేలముక్క అమ్మితే విశ్వాసం లేనివాడయ్యాడు. మీరు వందకి పైగా పశువులని సర్కారుకి అప్పజెప్పి "ఇచ్చేశాను" అని రెండు మాటల్లో తేల్చేశారు.

ఎలాగూ నోరు విప్పాను కాబట్టి ఇదీ అడుగుతాను. 1934 జూలైలో నాన్న పోయినప్పుడు టెలిగ్రాం ఇచ్చాం. పాదిరి రెండుసార్లు అడిగాడు, అన్నగారు వస్తున్నారా అని. అమ్మ వస్తారంది. పెట్టె మూత వెయ్యకుండా ఎండలో సాయంత్రం దాకా ఆపాం. మీరు రాలేదు. ఉత్తరం కూడా రాలేదు. అప్పుడు మీరు పశువుల బేరంలో తీరిక లేకుండా ఉన్నారని నాకు ఇప్పుడు అర్థమైంది.

కేక విషయంలో మీరిక శ్రమపడొద్దు. మీ దగ్గర పని చేసిన నికనోర్ తాత, ముప్పై రెండులో అక్కడ మానేసినవాడు, కూతురింట్లో మా వీధి చివరే ఉంటున్నాడు. అడగ్గానే చెప్పాడు. "తో... మా..." అని. మొదటిది పొడుగ్గా, రెండోది పైకి లేపి విరవాలి. తోమా అంటే ఇదిగో తీసుకో అని. మా తాతకి వాళ్లమ్మ నేర్పిందట, మేకల కోసం. నెల రోజులు వాళ్ల పెరట్లో సాధన చేశాను. మొన్న నికనోర్ తాత కళ్లు తుడుచుకుని "క్రిసాంతో గొంతే" అన్నాడు.

సెప్టెంబరు పదిహేను సాయంత్రం, మన మెక్సికో స్వాతంత్ర్య పండగ ముందు రోజు, రేడియోలో మనవాళ్ల కార్యక్రమం ఉంది. నేనే పిలుస్తాను. మిస్టర్ ప్రెంటిస్ స్టూడియోకి వస్తానన్నాడు. అట్టముక్క కూడా రాసేశాను.

అంపారో

*

లాస్ ఎస్పీనాస్
2 జూన్ 1937

అంపారోకి,

దేవుడు చల్లగా చూడాలి.

ఆ కేక రేడియోలో వెయ్యొద్దు. పుస్తకంలో పెట్టొద్దు. కారణం అడగొద్దు. పెద్దవాణ్ని, నా మాట విను.

పెదనాన్న

*

శాన్ ఆంటోనియో
8 సెప్టెంబరు 1937

పెదనాన్నకి,

కారణం లేకుండా వద్దనడం మా మిస్టర్ ప్రెంటిస్‌కీ బాగా వచ్చు. ఆ కేక మీ ఒక్కరిదీ కాదు. మా ముత్తవ్వది కూడా.

పదిహేనో తేదీ సాయంత్రం అయిదున్నరకి. పక్క రాంచ్‌లో రేడియో ఉందని నికనోర్ తాత చెప్పాడు. వాళ్లకి ఉత్తరం రాశాను. వినండి.

అంపారో

*

లాస్ ఎస్పీనాస్
29 సెప్టెంబరు 1937

అంపారోకి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి. రెండు వారాలుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. జూన్‌లో రాయాల్సింది. తప్పు నాది. సిగ్గుపడి మూడు ముక్కలు రాసి ఊరుకున్నాను.

ముప్పై నాలుగులో ఇక్కడ గడ్డిపరక లేదు. నాగజెముడు ముళ్లు కాల్చి మేపాం. అదీ అయిపోయింది. పశువుల చర్మం కింద ఎముకలు కదలడం కనిపించేది. అప్పుడు సర్కారు మనుషులు వచ్చారు, కరువు పశువులు కొంటామని. మంద మొత్తం ఒక్కచోటికి తెచ్చి చూపించాలన్నారు. వాళ్లతో వచ్చిన కుర్రకౌబాయ్‌లు మూడు రోజులు తుప్పల్లో గుర్రాలు పరిగెత్తించి పదకొండు పశువులని పట్టారు. మూడో రోజు వాళ్ల పెద్ద, లారీ మడ్‌గార్డు మీద కూర్చుని కాయితం మూసేసి అన్నాడు. "నీ మంద నీకే దొరకదు. మీవాళ్లకి పశువుల పని వచ్చంటే ఏమో అనుకున్నాను." పక్కనున్న కుర్రాళ్లు నవ్వారు.

నువ్వు నవ్వినట్టే నేనూ నవ్వాను తల్లీ. తర్వాత లోపలికెళ్లి ఉప్పు సంచీ తెచ్చాను.

అవసరం కొద్దీ పిలిచానని నీకు రాయొచ్చు. అలా రాసి ఒక కాయితం చింపేశాను కూడా. నిజం అది కాదు. గొప్ప కోసం పిలిచాను. మీరు గుర్రాలేసుకుని మూడు రోజుల్లో చెయ్యలేనిది నేను నిలబడిన చోటు నుంచి చేస్తానని చూపించాలనిపించింది. ఎండువాగు గట్టు మీద నిలబడి పిలిచాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ పిలవలేదు. నూట ముప్పై వచ్చాయి. నడవలేనివి కూడా పడుతూ లేస్తూ వచ్చాయి. ఆ కుర్రాళ్లు టోపీలు తీసేశారు. వాళ్ల పెద్ద నా భుజం తట్టాడు. ఆ తట్టు నాకు బాగుంది. అది కూడా రాసుకో.

అన్నిటినీ రైలెక్కించి గడ్డి ఉన్న చోటికి పంపుతారనుకున్నాను. నాకెవరూ అలా చెప్పలేదు, నేను అడగనూ లేదు. నలభై మూడింటిని రైలుకని పక్కకి తీశారు. మిగతావి ప్రయాణానికి పనికిరావన్నారు. వాగులోకి తోలమన్నారు. తోలనక్కర్లేకపోయింది, ఉప్పు తొట్టి వాగులోనే ఉంది. గట్టు మీద తుపాకులు పట్టుకుని నిలబడ్డారు. మొదటి దెబ్బలకి కూడా అవి పారిపోలేదు. నేనక్కడే ఉన్నాను కదా. నా వైపు చూస్తూ నాకుతూనే ఉన్నాయి. ఒక్క రొసీయా మాత్రం గట్టెక్కి తప్పించుకుంది.

ఆ మధ్యాహ్నమే మీ టెలిగ్రాం వచ్చింది. గుర్రానికి జీను వేశాను. సాయంత్రం రైలు అందేదే. స్టేషనుకి దారి ఆ వాగు పక్క నుంచే. సగం దూరం వెళ్లి వెనక్కి తిప్పాను. ఆ బట్టలతో, ఆ చేతులతో ఇసీద్రో పెట్టె దగ్గర నిలబడలేకపోయాను. విశ్వాసం లేదన్నది నేనే కదా వాణ్ని. వాడి మొహం చూసి ఏమనగలను? మీరు ఎండలో ఆగారని నీ ఉత్తరం చూసేదాకా నాకు తెలీదు.

ఇక పదిహేనో తేదీ సంగతి. పక్క రాంచ్ ఎద్వీహెస్ వదిన తన రేడియో, బ్యాటరీ లారీలో వేసుకుని నన్ను గౌరవిద్దామని మా వాకిట్లోనే పెట్టింది. పదిమంది దాకా పోగయ్యారు. కుర్చీలు వేశారు. నీ పేరు చెప్పారు, నా పేరు చెప్పారు. లేచి ఆ డబ్బా మీట తిప్పేస్తే అయిపోయేది. తిప్పలేదు. వినాలనిపించింది. మూడేళ్లయింది తల్లీ విని.

బాగా పిలిచావు. నికనోర్ చెప్పింది నిజం.

రొసీయా ఆ వేళకి తొట్టి కోసం తుమ్మ చెట్ల వెనక నిలబడి ఉంటుంది. నీ రెండో పిలుపుకి బయటికొచ్చింది. అంతమంది మనుషుల మధ్య నుంచి, నా పక్క నుంచి నడిచి, లారీ దగ్గరికి వెళ్లి, ఆ డబ్బా ముందున్న గుడ్డని నాకింది. అందరూ చప్పట్లు కొట్టారు. "చూశారా, ఇంకా గుర్తుంది" అని ఎద్వీహెస్ వదిన కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను వంటింట్లోకి పరిగెత్తి దోసెడు ఉప్పు తెచ్చాను. అది నా చేతుల వాసన చూసింది. నాకలేదు. మెల్లగా వెనక్కి అడుగులేసి వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను తలుపేసుకున్నా రావడం లేదు. పొద్దున్న చూస్తే నీళ్లు కొంచెం తగ్గి ఉంటాయి. అంతవరకు తెలుస్తుంది.

మీ దొరకి చూపించాలని నువ్వు పిలిచావు. ఆ లారీ మీద కూర్చున్నవాడికి చూపించాలని నేను పిలిచాను. నిన్ను తిట్టడానికి నాకు నోరెక్కడిది? కానీ పుస్తకంలో పెట్టేటట్టయితే అట్టముక్క మీద ఇలా రాయి. మాట: తోమా. అర్థం: ఇదిగో తీసుకో. పుట్టుక: మా నాయనమ్మ. చివరిసారి పిలిచినవాడు: క్రిసాంతో సల్దీవార్, ఎండువాగు గట్టు మీద, జూలై 1934. ఎందుకు పిలిచాడో కూడా రాయి. అదంతా పట్టకపోతే మొత్తం తీసెయ్యి.

పెదనాన్న

*

శాన్ ఆంటోనియో
9 నవంబరు 1937

పెదనాన్నకి,

మీ దీవెన కోరుతూ రాస్తున్నాను. మేలో, సెప్టెంబరులో కోరలేదు. కోపంతో మానేశాను. మీరు మాత్రం ప్రతి ఉత్తరంలోనూ ఇచ్చారు.

మీరు చెప్పినట్టే అట్టముక్క కొత్తగా టైపు చేసి మిస్టర్ ప్రెంటిస్ బల్ల మీద పెట్టాను. చదివాడు. నెమ్మదైన మనిషే, నన్ను కూర్చోమన్నాడు. "ఇది చాలా బాధగా ఉంది. మన పాఠకులకి హుషారు కావాలి" అన్నాడు. అయితే తీసెయ్యమని అడిగాను. రేడియోలో విన్నవాళ్లు ఉత్తరాలు రాస్తున్నారు కాబట్టి తియ్యడం కుదరదన్నాడు. నిన్న పుస్తకం వచ్చింది. నలభై రెండో పేజీలో ఉంది. "తోమా: కౌబాయ్‌లు ఆనందంతో వేసే కేక. పుట్టుక తెలియదు."

మీ పేరు లేదు. ముత్తవ్వ లేదు. నేను చూపించాలనుకున్నది ఇదీ. ఉద్యోగం మానేస్తానని రాస్తే మీకు గొప్పగా అనిపించేదేమో. మానలేదు. అమ్మ ఉంది, అద్దె ఉంది. రోజూ ఎనిమిదింటికి వెళ్లి ఆయనకి గుడ్ మార్నింగ్ చెబుతున్నాను.

మా వీధి పిల్లలు బంతాటలో గెలిచినప్పుడల్లా ఆ కేక వేస్తున్నారు. కిటికీ మూసుకున్నా వినిపిస్తోంది.

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడత పెట్టింది. తర్వాత "ఆయన స్టేషను దారిలో సగం దూరం వచ్చారు కదా" అంది. అంతే అంది.

ఇరవయ్యో తేదీ శనివారం నేను వస్తున్నాను. యంత్రం తేను. ఆ మాట ఎత్తను. పెద్ద ఉప్పురాయి ఒకటి కొన్నాను. తొట్టి పక్కన పెట్టి దూరంగా వచ్చేద్దాం. ఎవరూ పిలవకుండా, దానికి ఇష్టమైనప్పుడు నాకుతుంది.

మీ
అంపారో

*

లాస్ ఎస్పీనాస్
14 నవంబరు 1937

అంపారోకి,

దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. శనివారం రా. చిక్కుడుగింజలు నానబెడతాను. మీ అమ్మ ప్రయాణం చెయ్యగలిగితే తీసుకురా, ఆమెకి నేను చెప్పుకోవాల్సింది ఉంది. స్టేషనుకి నేనే బండి తెస్తాను. వాగు పక్క దారిలోనే వద్దాం.

ఉప్పురాయి తేవద్దు. మొయ్యడానికి బరువు. తొట్టిలో నీళ్లు ఎనిమిది రోజులుగా నిండుగానే ఉన్నాయి.

పెదనాన్న